ఈలబండి

ఆ బస్సుకి ఈలబండి అని పేరు పెట్టింది ఎవరో డిపోలో ఎవరికీ గుర్తులేదు. వేగం తగ్గించి మళ్ళీ యాక్సిలరేటర్ తొక్కగానే లోపలెక్కడో బెల్టు జారి, అల్లరి పిల్లాడు వేసినట్టు సన్నగా, పొడుగ్గా ఈల వేసేది. దాన్ని నడిపే డ్రైవరుకి నిదానం అని పేరు పెట్టింది మాత్రం అందరూ కలిసే. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన ఎవరినీ తోసుకుని ముందుకెళ్ళిన పాపాన పోలేదు. వెనక కార్ల వాళ్ళు హారన్లు చెవులు చిల్లులు పడేలా మోగించినా అద్దంలో ఒకసారి చూసి, పాపం ఎంత తొందరో అనుకుని, తన దారిన తాను పోయేవాడు.

"ఆ బెల్టు మార్చనివ్వవు, కనీసం బిగించనివ్వవు. ఏమిటయ్యా నీ గోల?" అని మెకానిక్ ఆ రోజు పొద్దున కూడా మొదలెట్టాడు. కొత్త బెల్టు భుజానికి తగిలించుకునే వచ్చాడు. ఎక్కడో నడిరోడ్డు మీద అది పుటుక్కున తెగితే తనను తిట్టుకోవద్దని ముందే చెప్పేస్తున్నానన్నాడు.

"ఇంకో వారం పోనీ," అన్నాడు నిదానం.

"కిందటి వారమూ అదే అన్నావు."

నిదానం నవ్వి సీటు ఎక్కాడు. గుడ్డతో స్టీరింగ్ తుడిచి, అద్దాలు రెండూ సర్దుకుని, బయల్దేరాడు. మెకానిక్ బెల్టు భుజాన వేసుకుని వచ్చిన దారినే పోయాడు.

ఊరి చివర కాలనీల నుంచి నగరంలోకి వెళ్ళే రోడ్డు అది. పొద్దున పూట ప్రపంచమంతా ఆ ఒక్క రోడ్డు మీదే ఆఫీసుకి బయల్దేరిందా అన్నట్టుండేది. కార్లకి ఒక వరస, బస్సులకీ లారీలకీ ఇంకో వరస గీసిన వాళ్ళు సైకిల్ అనేది ఒకటుంటుందని మరిచిపోయారు. సైకిల్ వాళ్ళు రోడ్డంచున, తెల్లగీతకీ కాలవకీ మధ్య, గోడ మీద పిల్లిలా నడుపుకుంటూ పోయేవాళ్ళు. గోడౌన్ గోడ దగ్గర ఆ కాస్త అంచు కూడా ఉండేది కాదు. అక్కడ వాననీటి కాలవ మీద ఇనప జాలీ ఒకటి ఉండేది. ఎప్పుడో పైపులు వేసినవాళ్ళు దాన్ని తీసి మళ్ళీ అడ్డదిడ్డంగా బిగించి పోయారు. కడ్డీలు రోడ్డుకి అడ్డంగా ఉండాల్సింది, రోడ్డు వెంబడే నిలువుగా ఉండిపోయాయి. కడ్డీకీ కడ్డీకీ మధ్య సైకిల్ చక్రం దూరేంత సందు. ఒక పక్క గోడ, కింద జాలీ. అక్కడికొచ్చిన సైకిల్ రోడ్డు మీదకి, బస్సుల వరసలోకి రావాల్సిందే. ఇంకో దారి లేదు.

నిదానం భార్య రోజూ ఆ దారినే వెళ్ళేది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఆవిడ పని. బస్సు రైలు స్టేషన్ వైపు తిరిగిపోయే చోటు నుంచి ఇంకా చాలా దూరం లోపలికి ఉంటుందది. అందుకే సైకిల్.

గోడౌన్ గోడ కనపడగానే ముందు సీట్లో రోజూ కూర్చునే టైపిస్టమ్మ పక్కావిడతో, "అదిగో, నిదానంగారి కాపురం వచ్చింది," అంది. బస్సులో నలుగురూ నవ్వారు. బస్సు ముందు ఆయన భార్య సైకిల్ మీద వెళ్తోంది. లాండ్రీ వాళ్ళిచ్చిన నీలం కోటు, ముడి, బుట్టలో టిఫిన్ డబ్బా. నిదానం యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాడు. బస్సుని వరసకి నట్టనడుమ నిలబెట్టినట్టు చేసి, ఏ పక్క నుంచీ ఎవరూ దూరకుండా, ఆవిడ వెనక నడక వేగంతో వెళ్ళాడు. వెనక హారన్లు మొదలయ్యాయి. ఆయన యాక్సిలరేటర్ ఒక్కసారి తొక్కి వదిలాడు. బండి ఈల వేసింది.

ఆవిడ వెనక్కి తిరగలేదు. ఈల వినగానే హ్యాండిల్ తిప్పి రోడ్డు మీదకి వచ్చి, జాలీని చుట్టి, మళ్ళీ అంచుకి చేరి, ఒక్కసారి బెల్లు కొట్టింది. ఆయన ఆవిడకి చేతికి అందనంత ఎడం ఇచ్చి బస్సు ముందుకి పోనిచ్చాడు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మళ్ళీ సాయంత్రం దాకా వాళ్ళిద్దరికీ అంతే మాట.

సాయంత్రం ఆవిడ ఇంటికొచ్చేసరికి అరచేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. వేడి రోలర్ల మధ్య నుంచి వచ్చే దుప్పట్లని అందుకుని మడవాలి. చేతులకి తొడుగులిచ్చారు గానీ వాటితో అంచులు సమంగా కలవవని ఆవిడ తీసి పక్కన పెట్టేది. కూతురు గిన్నెలో చల్లనీళ్ళు తెచ్చి తల్లి చేతులు అందులో ముంచింది.

"మెకానిక్ బెల్టు మారుస్తానంటున్నాడు," అన్నాడు నిదానం.

"మార్చనివ్వకండి," అంది ఆవిడ నీళ్ళలో వేళ్ళు కదుపుతూ. "మారిస్తే వెనకున్నది మీరని నాకెలా తెలుస్తుంది? చూద్దామంటే వెనక్కి చూడొద్దన్నారాయె."

చూడొద్దన్న మాట నిజమే. మొదట్లో ఆవిడ ఆ జాలీ దగ్గర దిగి, సైకిల్ ఎత్తి పట్టుకుని దాటేది. అలా ఎత్తి దాటుతుంటే ఒకసారి కారు అద్దం మోచేతికి తగిలింది. దిగడం మానేసి, వెనక్కి చూసుకుంటూ తొక్కడం మొదలెట్టింది. భుజం మీదుగా తల తిప్పితే చాలు, ఆవిడ హ్యాండిల్ కూడా అటే తిరిగేది. సైకిల్ పాములా వంకర్లు పోయేది. బస్సులోంచి నిదానం అది చూశాడు. ఆ రాత్రి అన్నం తింటూ చెప్పాడు, "నువ్వు వెనక్కి చూడకు. ముందుకే చూసి తొక్కు. వెనక నేనున్నాగా."

"రోడ్డు మీద ఈలలు, బెల్లులు. నలుగురూ ఏమనుకుంటారు మిమ్మల్ని?" అంది కూతురు.

"ఏమైనా అనుకోనీ. నా మొగుడు నాకు ఈల వేస్తే వాళ్ళకేం?" అంది ఆవిడ. ఆ మాటకి తండ్రి సిగ్గుపడటం చూసి కూతురు పడీపడీ నవ్వింది.

మర్నాడు డిపోకి వెళ్ళేసరికి కంట్రోలరు తల పట్టుకుని కూర్చున్నాడు. మార్కెట్ రూటు డ్రైవరుకి జ్వరమట. మార్కెట్ రూటంటే అన్నీ ఇరుకు సందులు, మలుపులు. వేరే డిపో నుంచి కొత్తగా వచ్చిన డ్రైవరమ్మాయికి ఆ దారి తెలియదు. ఈ ఒక్క రోజుకి నిదానం మార్కెట్ రూటు చూడాలి, ఆ అమ్మాయి ఈలబండి తీసుకెళ్తుంది. తిన్నని రోడ్డు కదా, దానికేం.

నిదానం కాస్త గునిశాడు. వేరే ఎవరినైనా మార్కెట్‌కి పంపి తన బండి తనకిమ్మన్నాడు. ఇంకెవరున్నారో చూపించమన్నాడు కంట్రోలరు. నిజంగానే ఎవరూ లేరు. ఒక్క రోజుకి ఇంత రాద్ధాంతమెందుకని తనకే అనిపించింది. భార్యకి ఫోన్ చేద్దామని జేబులో చెయ్యి పెట్టాడు. ఆవిడ ఈపాటికి బయల్దేరి ఉంటుంది. ఫోను బుట్టలో, టిఫిన్ డబ్బా కింద ఉంటుంది. సైకిల్ మీద ఉండగా ఫోను ఎత్తొద్దని కచ్చితంగా చెప్పింది తనే. జేబులోంచి చెయ్యి తీసేశాడు.

గోడౌన్ గోడ దగ్గర కాస్త చూసుకోమని ఆ అమ్మాయికైనా చెబుదామని యార్డులోకి వచ్చేసరికి ఈలబండి గేటు దాటుతోంది. ఆగమని చెయ్యి ఎత్తాడు. కొత్తచోట పెద్దాయనెవరో పలకరిస్తున్నాడనుకుని ఆ అమ్మాయి సంతోషంగా తనూ చెయ్యి ఎత్తి, నవ్వి, బస్సు తిప్పుకుని వెళ్ళిపోయింది. బండి ఈల వేసింది. ఆ ఈలని బయట నిలబడి వినడం ఆయనకి అదే మొదటిసారి. ఇంత గట్టిగా వినపడుతుందా అనుకున్నాడు.

మార్కెట్ సందుల్లో కూరగాయల బళ్ళ మధ్య బస్సుని ఇంచీ ఇంచీ జరుపుతుండగా కంట్రోలరు ఫోన్ చేశాడు. బస్సు అక్కడే పక్కన పెట్టి, జనాన్ని దింపేసి, ఆసుపత్రికి రమ్మన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నిదానానికి అర్థమైంది. బస్సు పక్కకి తీసి, ఇంజన్ ఆపి, చేతి బ్రేకు లాగి, ఎక్కినవాళ్ళందరికీ వెనక బస్సు వస్తుందని ఒక్కొక్కరికీ చెప్పి దింపాడు. ఒక ముసలమ్మకి సంచి అందించాడు. ఇవన్నీ ఎలా చేశాడో ఆయనకి తర్వాత ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.

ఆసుపత్రి వరండా చివరి గదిలో ఆవిడని పడుకోబెట్టి ఉంచారు. మొహానికి ఏమీ కాలేదు. మెడ దాకా తెల్ల దుప్పటి కప్పారు. కొత్తగా విప్పిన దుప్పటి, మడతల గీతలు ఇంకా పోలేదు. పొడుగ్గా సగానికి, మళ్ళీ సగానికి, ఆపైన అడ్డంగా. అంచుకి అంచు వెంట్రుకవాసి తేడా లేకుండా కలిపిన మడత. ఇంట్లో బీరువాలో దుప్పట్లన్నీ అలాగే ఉంటాయి. ఆయన ఆ గీత మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా రాశాడు. నర్సు కుర్చీ తెచ్చి వేసింది. ఆయన కూర్చోలేదు. కూతురు వచ్చేదాకా అలాగే నిలబడ్డాడు. వచ్చాక ఆ పిల్లని పట్టుకుని ఏడ్చాడు.

తర్వాతి రోజుల్లో ఇల్లు జనంతో నిండి ఖాళీ అయింది. లాండ్రీ నుంచి తోటి పనివాళ్ళు వచ్చారు. పొరపాటున కూడా తొందరపడే మనిషి కాదని ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. టైపిస్టమ్మ వచ్చింది. ఆ రోజు ఆవిడ ఎప్పటి సీట్లోనే ఉంది. అన్నీ చూసింది. చెప్పబోయి, చెప్పలేక, నిదానం చేతులు పట్టుకుని కూర్చుని వెళ్ళిపోయింది.

చెప్పాల్సిన వాళ్ళు మాత్రం బయట చెప్పనే చెప్పారు. సైకిలావిడ వెనక్కి చూడకుండా ఉన్నట్టుండి రోడ్డు మీదకి వచ్చేసిందని బస్సులో వాళ్ళందరిదీ ఒకటే మాట. అజాగ్రత్త అన్నారు. ఆ మాట పోలీసులు అన్నారు, డిపోలో అన్నారు, పాలు పోసే మనిషి కూడా సానుభూతిగా అదే అన్నాడు. అది విన్నప్పుడల్లా నిదానానికి ఒళ్ళు మండిపోయేది. దుప్పటి అంచు చూసి మడిచే మనిషి అజాగ్రత్త అట.

మెకానిక్ రోజూ సాయంత్రం వచ్చి గుమ్మం దగ్గర కూర్చునేవాడు. విచారణ పెడుతున్నారని అతనే చెప్పాడు.

"నిన్నూ పిలుస్తారు. ఆ బండి సంగతి నీకంటే ఎవరికి తెలుసు? ఆ డ్రైవరు పిల్ల స్పీడు మీద ఉందని చెప్పు. నీ మాట తీసెయ్యరు. లేకపోతే మొత్తం పోయినావిడ నెత్తిన రుద్దేస్తారు. నోరు లేనిది ఆవిడకే కదా."

నిదానం తల ఊపాడు. ఆ డ్రైవరమ్మాయిని తలుచుకుంటే పళ్ళు పటపట కొరకాలనిపించేది. గేటు దగ్గర ఆ నవ్వు, ఆ ఎత్తిన చెయ్యి కళ్ళ ముందు ఆడేవి. చూసుకోవద్దూ? ముందు మనిషి వెళ్తుంటే కాలు తియ్యద్దూ? ఇలా ఆ పిల్లని తిట్టుకుంటున్నంతసేపూ ఆయనకి కొంచెం ఊపిరి ఆడేది. తిట్టడం ఆపితే వేరే ఆలోచన ఒకటి వచ్చేది. అది ఆసుపత్రి వరండాలోనే వచ్చింది. పూర్తిగా రాకముందే ఆయన దాన్ని తోసేశాడు. అప్పటి నుంచీ అది మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంది, ఆయన తోస్తూనే ఉన్నాడు. కూతురు అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంటే ఆ పిల్ల కళ్ళలోకి చూడలేక పళ్ళెంలోకి చూసేవాడు.

ఒక రాత్రి కూతురు అడగనే అడిగింది. "అమ్మ వెనక్కి చూడలేదంటున్నారు. ఎందుకు చూడలేదు నాన్నా?"

"ఏమో అమ్మా," అన్నాడు. అంతకుమించిన అబద్ధం ఆయన ఆ పిల్లతో ఎన్నడూ ఆడలేదు.

విచారణ డిపో మేనేజరు గదిలోనే పెట్టారు. మేనేజరు మంచివాడే. కుర్చీ చూపించి, మంచినీళ్ళు తెప్పించి, గొంతు తగ్గించి మాట్లాడాడు. మెకానిక్‌ని కూడా బండి సంగతి చెప్పడానికి పిలిచారు. బ్రేకులు బాగున్నాయని అతను చెప్పాడు. బెల్టు మాటేమిటంటే, అది చప్పుడే తప్ప దానికీ బ్రేకులకీ సంబంధం లేదన్నాడు.

డ్రైవరమ్మాయి గోడ పక్కన బల్ల మీద కూర్చుని ఉంది. యూనిఫాం వేసుకుని రావాలో వద్దో తెలియక కాబోలు, చొక్కా యూనిఫాందీ, మిగతావి మామూలువీ వేసుకుంది. వారం రోజుల్లో మొహం పీక్కుపోయింది. నిదానం లోపలికి రాగానే లేచి నిలబడింది. ఆయన అటు చూడలేదు.

మేనేజరు ఏం జరిగిందో మొదటి నుంచీ చెప్పమన్నాడు. ఆ అమ్మాయి నేల మీద చూపు పెట్టి చెప్పింది. సైకిల్‌ని దూరం నుంచే చూశానంది. వేగం తగ్గించానంది. గోడ దగ్గర రోడ్డు ఇరుకు కాబట్టి, కాస్త ఎడంగా తప్పించి దాటిపోదామని మళ్ళీ యాక్సిలరేటర్ తొక్కానంది.

"అప్పుడు బండి ఈల వేసింది. మంచిదే అనుకున్నాను. హారను కొడితే ఉలిక్కిపడతారు. ఈల విని ఇంకాస్త అంచుకి జరుగుతుందిలే అనుకున్నాను. ఎవరైనా అదే చేస్తారు కదా సార్. ఆవిడ అటు జరగలేదు. నా ముందుకి వచ్చేసింది. బ్రేకు మీద నిలబడ్డాను. ఆగలేదు."

అప్పుడు తల ఎత్తి నిదానం వైపు తిరిగింది. మేనేజరుకి కాదు, ఆయనకే చెప్పింది.

"ఒక్కసారి కూడా చూడలేదు బాబాయ్. రోజూ రాత్రి అదే కనపడుతోంది నాకు. అంత ధైర్యంగా, అసలు వెనక ఎవరూ లేనట్టు వచ్చేసింది."

మెకానిక్ నిదానం వైపు చూశాడు, ఇప్పుడు చెప్పు అన్నట్టు. నిదానం చేతిలో మంచినీళ్ళ గ్లాసు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టబోతే అంచుకి తగిలి నీళ్ళు ఒలికాయి. జేబురుమాలు తీసి బల్ల అంతా పొడిగా తుడిచాడు. తుడుస్తూనే అన్నాడు.

"ఎవరూ లేనట్టు కాదమ్మా. నేనున్నట్టు వచ్చింది."

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. మేనేజరుకీ కాలేదు. నిదానం చెప్పాడు. మెల్లగా, ఆగి ఆగి, రోడ్డు మీద నడిపినట్టే చెప్పాడు. జాలీ సంగతి చెప్పాడు. బస్సు అడ్డం పెట్టి ఆవిడని దాటించడం చెప్పాడు. ఈల వింటే బయటికి వచ్చెయ్యమన్నది తనేనని, వెనక్కి చూడటం మాన్పించింది తనేనని చెప్పాడు. బెల్టు మార్చనివ్వనిది కూడా అందుకేనన్నాడు. ఆ మాటకి మెకానిక్ కూర్చున్నవాడు కూర్చున్నట్టే రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు.

"నీ తప్పేం లేదమ్మా ఇందులో. ఆవిడ తప్పూ లేదు. ఆవిడకి తెలిసినంతలో వెనకున్నది నేనే."

ఆ అమ్మాయి లేచి వచ్చి ఆయన కుర్చీ పక్కన నేల మీద కూలబడి ఏడ్చింది. ఆయన ఏం చెయ్యాలో తెలియక ఆ పిల్ల తల మీద చెయ్యి వేశాడు. వారం నుంచీ ఆ పిల్ల చేతికందితే ఏం చేసేస్తానో అనుకున్న మనిషి ఆయన.

మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇదంతా ఎలా రాయాలో తెలియడం లేదని ఒప్పుకున్నాడు. జాలీ సంగతి రాయమన్నాడు నిదానం. కడ్డీలు తిప్పి బిగిస్తే ఎవరూ ఎవరి కోసమూ ఈల వెయ్యక్కర్లేదన్నాడు. మేనేజరు నిట్టూర్చాడు. జాలీ కాలవల శాఖ వాళ్ళది, రోడ్డు రోడ్ల శాఖ వాళ్ళది, తమది బస్సు ఒక్కటే. రాస్తానన్నాడు గానీ, రాసేది ఎవరికి పంపాలో తనకే తెలియదన్న సంగతి మొహంలో కనపడింది. అందరూ తమది కాదన్న ఆ కాస్త చోటులోనే ఆవిడ రోజూ సైకిల్ తొక్కింది.

చివరికి ఎవరి తప్పూ లేని ప్రమాదమని తేల్చారు. ఆ అమ్మాయి ఉద్యోగం నిలబడింది. అజాగ్రత్త అన్న మాట ఎక్కడా రాయలేదు. నిదానం అడిగి మరీ చూసుకున్నాడు. మెకానిక్ ఆయనతో పాటు గేటు దాకా వచ్చాడు. "ఆ బెల్టు..." అన్నాడు.

"మార్చెయ్యి," అన్నాడు నిదానం.

ఇంటికెళ్ళి కూతురికి చెప్పడం మేనేజరు గదిలో చెప్పినంత తేలిక కాలేదు. ఆ పిల్ల వంటింట్లో తల్లి టిఫిన్ డబ్బా తోముతోంది. సొట్టలు పడిన డబ్బా. ఆ వారంలో దాన్ని ఎన్నిసార్లు తోమిందో. నిదానం గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. కూతురు పంపు కట్టెయ్యలేదు. ఆయన చెప్పినంతసేపూ నీళ్ళు పోతూనే ఉన్నాయి.

చెప్పడం అయ్యాక పంపు కట్టి, డబ్బా బోర్లించి, చేతులు తుడుచుకుంది.

"నాకు తెలుసు," అంది. "ఆ రోజే తెలిసింది. నువ్వు మార్కెట్ నుంచి వచ్చావని ఆసుపత్రిలో ఎవరో అన్నారు. అప్పుడే తెలిసింది. నువ్వే చెబుతావని చూశాను. అడిగితే ఏమో అన్నావు."

ఆయన తల దించుకున్నాడు.

"అమ్మకి వెనక్కి చూడ్డం వచ్చు నాన్నా. వంకర్లు పోయినా, భయపడుతూనైనా చూసుకునేది. నువ్వు మాన్పించావు." ఆ పిల్ల గొంతు పెంచలేదు. పెంచితే బాగుండునని ఆయనకి అనిపించింది. "నీ ప్రేమతో మాన్పించావు. ఇంక నేను నిన్నేం అనను?"

గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆయన వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చాడు. బోర్లించిన డబ్బా నుంచి ఆఖరి చుక్క కారేదాకా, ఆ తర్వాతా ఏడ్చాడు.

రెండు రోజులు తండ్రీ కూతుళ్ళ మధ్య అవసరమైన మాటలే నడిచాయి. ఆయన డ్యూటీలో చేరాలి, ఆ పిల్ల కాలేజీకి వెళ్ళాలి. ఆ కాలేజీకీ అదే దారి, అదే జాలీ, బస్సు వెళ్ళని అదే లోపలి రోడ్డు. సైకిల్ మాట ఎత్తొద్దని, స్టేషన్ దాకా బస్సులో వచ్చి అక్కడి నుంచి నడవమని ఆయన అన్నాడు. మూడో రోజు మధ్యాహ్నం, ఆయన డ్యూటీలో చేరడానికి వెళ్ళి ఉండగా, కూతురు తన సైకిల్ నడిపించుకుంటూ డిపోకి వచ్చింది.

బస్సులన్నీ రోడ్ల మీదున్న వేళ. యార్డు ఖాళీగా ఉంది. నేల మీద నూనె మరకలు ఎండకి మెరుస్తున్నాయి.

"నాకూ అమ్మకి చెప్పినట్టే చెప్పావు చిన్నప్పుడు, ముందుకే చూడమని," అంది కూతురు. "ఇప్పుడు నాకు వెనక్కి చూడ్డం రాదు. నేర్పు."

ఆయన వద్దనబోయాడు. ఆ పిల్ల మొహం చూసి మానుకున్నాడు. సైకిల్ సీటు ఎత్తు చూశాడు, బ్రేకులు నొక్కి చూశాడు. వెనక్కి చూడటమంటే ఒట్టి కళ్ళు తిప్పడం కాదు, భుజం తిప్పడం కాదు, గడ్డం తిప్పి చూడాలని చెప్పాడు. అటుపక్క చెయ్యి వదులుగా పెట్టాలి, ఇటుపక్క చెయ్యి గట్టిగా పట్టాలి. నిజంగా చూశారా లేదా అని తేలాలంటే వెనకున్నవాడు వేళ్ళు చూపించాలి, ఎన్నో ముందున్నవాళ్ళు చెప్పాలి.

కూతురు తొక్కుకుంటూ వెళ్ళింది. ఆయన యార్డు మధ్యలో నిలబడి చెయ్యి ఎత్తాడు. ఆ పిల్ల తల తిప్పింది. హ్యాండిల్ తల్లిదానిలాగే అటే తిరిగింది. కాలు నేల మీద ఆనించి ఆగిపోయింది. ఆయన గబగబా నాలుగడుగులు వేసి, మళ్ళీ తనను తాను పట్టుకుని ఆగాడు. మళ్ళీ తొక్కమన్నాడు. మళ్ళీ వంకర పోయింది. ఇంకోసారి తక్కువ పోయింది.

"మూడు," అని అరిచింది ఈసారి. మూడే.

"రెండు." అదీ సరే.

ఆ పిల్ల యార్డు చివర మలుపు తిరుగుతుండగా గేటులోంచి ఒక బస్సు వచ్చింది. దాని నంబరు చూస్తే గానీ అది ఏ బండో నిదానానికి తెలియలేదు. కొత్త బెల్టు వేసిన ఈలబండి పిల్లిలా చప్పుడు లేకుండా లోపలికి వచ్చి, కూతురి వెనకగా నెమ్మదిగా తిరుగుతోంది. స్టీరింగ్ దగ్గర ఆ డ్రైవరమ్మాయి. ఆయన అరవబోయాడు. ఇంతలో కూతురు గడ్డం తిప్పి వెనక్కి చూసింది. బస్సుని చూసింది. తొణక్కుండా పక్కకి తప్పుకుంది. అప్పటికే ఆ అమ్మాయి బస్సు ఆపేసి ఉంది. స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి, కూతురు పూర్తిగా దాటిపోయేదాకా కదల్లేదు. కూతురు ఒక్కసారి బెల్లు కొట్టింది.

ఆ చప్పుడు విన్నాడు నిదానం. అక్కడే నేల మీద, నూనె మరకల మధ్య కూర్చుండిపోయాడు. మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు.

చక్రాల చప్పుడు ఆయన్ని దాటి వెళ్ళింది. కొంచెం దూరం పోయాక కూతురి గొంతు వినపడింది.

"చూశాను నాన్నా. నువ్వు చెయ్యి ఎత్తలేదు."

ఆయన తల పైకెత్తాడు. ఆ పిల్ల తొక్కుతూనే, భుజం మీదుగా ఆయన్నే చూస్తోంది. హ్యాండిల్ కదలడం లేదు. ఆయన మొహం తుడుచుకుని చెయ్యి ఎత్తాడు.